తరగతి గదికి సీఓటూ మీటరు: కొనొచ్చు, కానీ ఏది పడితే అది కాదు

కోవిడ్ తర్వాత బడులు తెరిచాక హెడ్మాస్టర్ల దగ్గరికి రోజూ వచ్చిన పంచాయితీల్లో కిటికీలది ఒకటి. చలి అని ఒకరు మూస్తారు, ఉక్క అని ఇంకొకరు తెరుస్తారు. ఆ తగువు తీర్చడానికి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) ఎంతుందో కొలిచే, అరచేతిలో పట్టే ఈ డబ్బా బాగానే పనికొస్తుంది. 2021లో బ్రిటన్ ప్రభుత్వం సుమారు 3 లక్షల మీటర్లు బడులకు ఇస్తామని ప్రకటించింది కూడా.

ఇది వైరస్‌ను పట్టదు, చంపదు. మనుషులు వదిలిన గాలి గదిలో ఎంత పేరుకుందో చెబుతుంది, అంతే. ఆరుబయట సీఓటూ దాదాపు 420 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 420 పాళ్లు ఉంటుంది. గదిలో 800 లోపైతే ఫర్వాలేదు. 1500 దాటి కిందికి దిగనంటే గాలి చాలడం లేదన్నమాట. 35 మంది పిల్లలతో తలుపులూ కిటికీలూ బిగిస్తే ఒక్క పీరియడ్‌లోనే అక్కడిదాకా పోతుంది. ఫ్యాన్ వేసినా అంకె తగ్గదు, ఉన్న గాలినే తిప్పుతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ కూడా అంతే. గాలిని సన్నటి ఫిల్టర్ గుండా లాగే హెపా ప్యూరిఫయర్ వైరస్ ఉన్న తుంపరలను వడకడుతుంది గానీ అంకెను మార్చదు, కాబట్టి అంకె తగ్గలేదని దాన్ని దండగ అనొద్దు.

కొనేటప్పుడు పెట్టె మీద 'ఎన్‌డీఐఆర్' (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో సీఓటూను నేరుగా కొలిచే పద్ధతి) అని ఉందో లేదో చూడండి. చవక రకాల్లో కొన్ని సీఓటూను కొలవవు, గాలిలోని ఇతర ఆవిర్లను బట్టి లెక్కగడతాయి. అనుమానముంటే చేతికి శానిటైజర్ రాసుకుని దగ్గర పెట్టండి. అంకె ఒక్కసారిగా ఎగిరిందా, వెనక్కి ఇచ్చేయండి. గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా ఉండే బడిలో అలాంటిది పగలంతా అబద్ధాలే చెబుతుంది.

పిల్లలు కూర్చున్నప్పుడు తల ఉండే ఎత్తులో, మనుషులకు కనీసం అర మీటరు దూరంలో పెట్టాలి. కిటికీ అంచున పెడితే అంకె ముచ్చటగా ఉంటుంది, ఉపయోగం సున్నా. బీప్ మాత్రం ఆపేయండి. మోగిన ప్రతిసారీ పిల్లలు పాఠం వదిలేసి దాన్నే చూస్తారు.

అసలు చిక్కు కాలిబ్రేషన్‌లో, అంటే మీటరు అంకెను సరిచేయడంలో ఉంది. చాలా మీటర్లు వారం రోజుల్లో కనబడిన కనిష్ఠ అంకెను బయటి గాలిగా తీసుకుని తమను తామే సర్దుకుంటాయి. సాయంత్రం అటెండర్ మెయిన్ స్విచ్ కట్టేస్తే మీటరూ ఆగిపోయి, దానికి రాత్రి ఖాళీ గది కనబడదు. 600 కంటే కిందికి దిగని గదిలో ఆ 600నే 400 అనుకుంటుంది, అక్కణ్నుంచి ప్రతి అంకెనూ 200 తక్కువ చూపిస్తుంది. రాత్రీ మనుషులుండే హాస్టల్ గదుల్లోనూ ఇదే గొడవ. ఆ సర్దుబాటును ఆఫ్ చేసే వీలున్న మోడల్ అయితే ఆఫ్ చేసి, నెలకోసారి ఆరుబయట 20 నిమిషాలు ఉంచి చేత్తో కాలిబ్రేట్ చేయండి. మీ ఊపిరి తగలకుండా దూరంగా నిలబడాలి.

గదికొకటి కొననక్కర్లేదు. నాలుగైదు కొని, గదికి వారం చొప్పున తిప్పుతూ అయిదు నిమిషాలకోసారి రీడింగ్ దాచుకునేలా పెడితే ఏ గది ఏ పీరియడ్‌లో ఉక్కిరిబిక్కిరవుతుందో తేలిపోతుంది. టైంటేబుల్‌లో పెద్ద సెక్షన్లను ఏ గదికి మార్చాలో కూడా.