ఆరో తరగతికి ఏ బడి మేలు: ఊరి హైస్కూలా, గురుకులమా, పట్నం ప్రైవేటా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "టీచరుగారూ, మా పాపకు ఐదు అయిపోయింది. ఆరుకు ఎక్కడ వేయమంటారు?" అడిగేవాళ్లలో మిరపకోతకు వెళ్లే తల్లులున్నారు, ఆటో నడిపే తండ్రులున్నారు, ప్రభుత్వ ఉద్యోగులూ ఉన్నారు. పల్నాడులో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను కాబట్టి నా మొగ్గు ఎటో వాళ్లకు ముందే తెలుసు. ఆ మొగ్గుకు కారణాలున్నాయి. అది చెల్లని సందర్భాలూ ఉన్నాయి. రెండూ చెబుతాను.

ముందు మార్కుల సంగతి. ఫలితాలు వచ్చిన మర్నాడే పట్నం కూడలిలో ఫ్లెక్సీ లేస్తుంది. 600కు 590 పైన తెచ్చుకున్న పిల్లల ఫొటోలు, పక్కన బడి పేరు. ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఆ ఫ్లెక్సీ మీద లేని పిల్లలు ఎంతమంది, వాళ్లకు ఎన్ని వచ్చాయి, తొమ్మిదిలో "మీవాడు మా స్థాయి అందుకోలేడు" అని టీసీ ఇచ్చి పంపింది ఎందరినో ఎవరూ చెప్పరు. అలా పంపించేసిన పిల్లలు వచ్చేది మా దగ్గరికే. ఊరి బడి వచ్చినవాళ్లనల్లా చేర్చుకుంటుంది. ఆరో తరగతిలో భాగహారం రాని పిల్ల పదిలో 430 తెచ్చుకుంటే అది ఏ ఫ్లెక్సీకీ ఎక్కదు. ఆ బడి చేసిన పని మాత్రం చాలా పెద్దది. అందుకే రెండు బడుల పదో తరగతి మార్కులను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల తేలేది తక్కువ.

మరి దేన్ని బట్టి తేల్చుకోవాలి? నా దృష్టిలో ఒక్కటే: ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలూ ఫిజికల్ సైన్సూ చెప్పే టీచర్లు ఆ బడిలో ఉన్నారా, వాళ్లు నిజంగా చెబుతున్నారా? పదో తరగతి అనలేదు, గమనించండి. పదికి వచ్చేసరికి ప్రతి బడీ మేలుకుంటుంది. ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్ అంటూ హడావిడి ఉంటుంది. టీచరు లేకపోతే పక్క బడి నుంచి సర్దుబాటు మీద అయినా తెస్తారు. అసలు నష్టం అంతకు రెండేళ్ల ముందే జరిగిపోయి ఉంటుంది. ఏడులో సామాన్య సమీకరణాలు, తొమ్మిదిలో బహుపదులు పట్టుబడని పిల్లకు పదిలో వర్గసమీకరణాలు మంత్రాల్లాగే వినపడతాయి. సాంఘికశాస్త్రంలో ఒక పాఠం పోతే ఇంట్లో చదువుకుని పూడ్చుకోవచ్చు. లెక్కల్లో ఒక ఏడాది పోతే, చదువుకోని తల్లిదండ్రులున్న ఇంట్లో పూడ్చేవాళ్లు ఉండరు.

ఖాళీలు ఎందుకు వస్తాయో ఊళ్లో అందరికీ తెలుసు. బదిలీలు, పదవీ విరమణలు, ఆపైన నియామకాల ఆలస్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద నియామకం అంటే 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీయే. మధ్యలో ఆరు నుంచి పదికి వచ్చేసిన తరాలు ఉన్నాయి. ఆ పిల్లలకు ఏ టీచరు లేకుండా పోయాడన్నది అదృష్టం మీదే ఆధారపడింది.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ప్రధానోపాధ్యాయుల గదిలో సాధారణంగా గోడ మీద ఒక బోర్డు ఉంటుంది: మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు. దాన్ని చూడండి. అక్కడితో ఆగకండి. మీ వీధిలో ఆ బడికి వెళ్లే తొమ్మిదో తరగతి పిల్లవాడి లెక్కల నోటుపుస్తకం అడిగి తీసుకోండి. మీకు లెక్కలు రానక్కర్లేదు. తారీఖులు చూడండి. ఏ నెలలో ఆగిపోయాయి? ఎర్రసిరా పడిందా? పేజీ చివర సంతకం ఒక్కటే ఉందా, లేక ఫలానా మెట్టు దగ్గర గుర్తు తప్పిందని సున్నా చుట్టి ఉందా? అన్నింటికంటే ముఖ్యం, పిల్లవాడు తప్పు చేసి, కొట్టేసి, కింద మళ్లీ చేసిన లెక్కలు ఉన్నాయా? కొట్టివేతలున్న నోటుపుస్తకం కనిపిస్తే సంతోషించండి. అక్కడ పిల్లవాడు సొంతంగా ఆలోచించాడు, ఎవరో దాన్ని చూశారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా మచ్చలేకుండా ముత్యాల్లాంటి అక్షరాలే ఉంటే, అది బోర్డు మీద నుంచో గైడులో నుంచో ఎక్కించిన పుస్తకం.

ఈ గీటురాయితో చూస్తే పట్నం ప్రైవేటు బడి కొన్నింటిలో నిలబడుతుంది, కొన్నింటిలో నిలబడదు. టీచరు మానేస్తే వారంలో ఇంకొకరిని పెట్టుకుంటారు, ఖాళీ ఉండనివ్వరు. ఇది వాళ్ల బలమే. వారం వారం పరీక్షలు పెడతారు, మార్కులు ఇంటికి తెలుస్తాయి. అయితే వచ్చిన టీచరు ఏడాది నిండకుండానే మరో బడికి మారిపోవడం నేను తరచూ చూస్తున్నాను. తొమ్మిదో తరగతి సిలబస్‌ను డిసెంబరుకల్లా చుట్టేసి పది మొదలుపెట్టే బడులు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం భయమేస్తుంది.

ఇక బస్సు. ఏడింటికల్లా పిల్ల బడి బస్సు కోసం రోడ్డు మీద ఉంటుంది, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. అన్నం తినే లోపే నిద్ర ముంచుకొస్తుంది. రోజంతా విన్నదాన్ని తానుగా ఒకసారి చేసి చూసుకునే గంట ఆ పిల్లకు మిగలదు. ఫీజు, బస్సు, పుస్తకాలు, రెండు రకాల యూనిఫాం కలిపి కౌలురైతు ఇంట్లో ఎంత బరువో నేను చెప్పక్కర్లేదు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటు పిల్లలకూ వస్తుంది కదా అంటారు. వస్తుంది, ఫీజులో ఒక కంతుకు సరిపోతుంది.

గురుకులం సంగతి వేరు. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటిది పెట్టినప్పటి నుంచి పల్లె పిల్లల చదువుకు గురుకులాలు చేసిన మేలు ఏ ప్రైవేటు బడీ చేయలేదు. తెల్లవారుజామున, సాయంత్రం పర్యవేక్షణలో చదువు ఉంటుంది. ఇంటిపని లేదు, ఫీజు లేదు. మిరపకోత కాలంలో కర్నూలు వైపు నుంచి కుటుంబాలు మా చేలకు వస్తాయి. వాళ్లతో పాటు వచ్చిన పిల్లలు గుడారాల దగ్గర తమ్ముళ్లను ఎత్తుకుని కూర్చుంటారు. మంచి బడి వయసు పిల్లలు. అలాంటి ఇంటి పిల్లకు గురుకులమే, రెండో ఆలోచన వద్దు. తండ్రి తాగివచ్చి గొడవచేసే ఇంటికీ, పదో తరగతిలోనే పెళ్లి మాట ఎత్తే ఇంటికీ ఇదే నా జవాబు.

కానీ తల్లీతండ్రీ ఊళ్లోనే ఉండి, పిల్ల మీద ధ్యాస ఉన్న ఇంటికి గురుకులం తప్పనిసరి అనుకోను. పదేళ్లకే ఇల్లు వదలడం అందరు పిల్లలకూ సరిపడదు. దసరా సెలవులకు వచ్చి తిరిగి వెళ్లనని మొండికేసిన పిల్లలను, దాని వల్ల సగం ఏడాది పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అక్కడా అతిథి ఉపాధ్యాయులతో నడిచే సబ్జెక్టులు ఉంటాయి. నోటుపుస్తకం పరీక్ష గురుకులానికీ పెట్టాల్సిందే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. పది అయ్యాక ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువు చెప్పే నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలు ట్రిపుల్ ఐటీల ప్రవేశాలకు పదో తరగతి మార్కులే ఆధారం. అందులో వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వసతులు తక్కువైన బడిలో చదివినందుకు అదనపు మార్కులు, కలుపుతారు. గురుకులంలో చదివినవాళ్లకు అది లేదు, ప్రైవేటులో చదివినవాళ్లకు అసలే లేదు. ఎనిమిదో తరగతిలో ఉపకార వేతనం కోసం రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష కూడా అంతే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12,000 చొప్పున నాలుగేళ్లు ఉపకార వేతనం. కుటుంబ ఆదాయం రూ.3.5 లక్షలు దాటకూడదు. గురుకులాల్లాగా ప్రభుత్వమే ఉండడానికి వసతి, భోజనం ఇచ్చే బడుల పిల్లలు దానికి అర్హులు కారు. ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువు సీటుకు ఊరి బడి ఇచ్చే ఈ ఊతం చిన్నదేమీ కాదు.

ఊరి బడి లోపాలూ చెప్పాలి. గంట కొట్టాక పిల్లల సాయంత్రం ఎవరి చేతుల్లోనూ ఉండదు. ప్రత్యేక తరగతులు పదో తరగతికే గానీ ఎనిమిది, తొమ్మిదికి ఉండవు. జనవరి నుంచి మార్చి దాకా కోతలకు వెళ్లి హాజరు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే లెక్కల్లో క్లిష్టమైన అధ్యాయాలు నడుస్తుంటాయి. ఇక ఫోను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లను కూర్చోబెట్టగలిగిన ఇల్లయితేనే ఊరి బడి ఫలిస్తుంది. మధ్యాహ్న భోజనం ఇప్పుడు బెంగపడాల్సిన విషయం కాదు. గుడ్డు ఉంటుంది, 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, పిల్లలు పారేయడం తగ్గింది.

మిగతావి క్లుప్తంగా. నవోదయలో సీటు వస్తే వదులుకోవద్దు. ఐదు చదువుతుండగానే ప్రవేశ పరీక్ష రాయాలి, జిల్లా మొత్తానికి సీట్లు కొద్దే. కస్తూర్బా విద్యాలయం ఆడపిల్లలకు, ముఖ్యంగా తల్లిదండ్రులు లేనివాళ్లకు, బడి మానేసినవాళ్లకు మంచి ఆసరా. ఆదర్శ పాఠశాల దగ్గర్లో ఉంటే పరిశీలించండి, దూరమైతే మళ్లీ బస్సు కథే.

మా అమ్మాయిని నేను పనిచేసే బడిలోనే వేశాను. అప్పటికి లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, ఇంగ్లిషు పోస్టులన్నీ నిండి ఉన్నాయి. ఆ నాలుగింటిలో లెక్కలో ఫిజికల్ సైన్సో ఖాళీగా ఉండి ఉంటే గురుకులానికి పంపేదాన్ని. మీరూ ఆ వరసలోనే చూడండి: పోస్టులు నిండి ఉంటే ఊరి బడి, లేకపోతే గురుకులం, రెండూ కుదరనప్పుడు ప్రైవేటు. గురుకులాల ప్రవేశ పరీక్షలు చాలావరకు ఐదో తరగతికే జరుగుతాయి కాబట్టి ఆ ఆలోచన ఉన్నవాళ్లు పిల్ల నాలుగులో ఉండగానే దరఖాస్తు తారీఖులు కనుక్కోవాలి. ఊరి బడి అనుకునేవాళ్లు మాత్రం తొందరపడొద్దు. బదిలీలు జరిగే ఏడాది అయితే అవి ముగిసి, కొత్త టీచర్లు చేరాక ఆ బోర్డు ఇంకోసారి చూసి, అప్పుడు టీసీ తీసుకోండి.