కామెట్ డేటాబేస్: ఏం కొలవాలో చెబుతుంది, మిగతాది మన చేతుల్లోనే

హెచ్‌ఐవీ ట్రయల్‌కు ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో చెప్పే ప్రణాళిక) రాసేవాళ్లు ఫలితాల పేజీ మొదలుపెట్టే ముందు కామెట్ డేటాబేస్ ఒకసారి తెరిచి చూడాలి. ఒక జబ్బు మీద ఎవరు ట్రయల్ చేసినా కనీసం ఈ ఫలితాలైనా కొలవాలని రోగులు, వైద్యులు, పరిశోధకులు కలిసి ఒప్పుకున్న జాబితాను కోర్ అవుట్‌కమ్ సెట్ అంటారు. అలాంటి జాబితాల సమాచారాన్ని ఒకచోట పెట్టడమే ఈ సేవ పని. 2010లో లివర్‌పూల్‌లో మొదలైన కామెట్ అనే పరిశోధకుల కార్యక్రమం దీన్ని ఉచితంగానే అందిస్తోంది.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పూర్తయిన జాబితాలే కాదు, నడుస్తున్నవీ, ఇంకా ప్రతిపాదన దశలో ఉన్నవీ అన్నీ కలిసి కనిపిస్తాయి. శీర్షిక చూసి సెట్ దొరికిందనుకుంటే లోపల ప్రణాళిక మాత్రమే ఉండొచ్చు. పెద్దల చికిత్స కోసం తయారైన సెట్ పిల్లలకో గర్భిణులకో సరిపోదు, అందుకే వయసు, చికిత్స రకం, ప్రస్తుత దశ ఈ మూడూ చూశాకే వాడుకోవాలి. హెచ్‌ఐవీతో పాటు క్షయ లాంటి జోడు జబ్బుల పేర్లతోనూ వెతకడం మంచిది.

అసలు లోటు వేరే ఉంది. సెట్‌లో ‘వైరస్ అణగడం’ అని ఉంటుంది, అంతే. ఆ మాటతో ట్రయల్ నడవదు. రక్తంలో వైరస్ ఎన్ని కాపీల లోపు ఉండాలి? మిల్లీలీటరుకు 50 అని ఒకరు, 200 అని ఇంకొకరు, 1000 అని మరొకరు పెట్టుకుంటే మూడు శాతాలు వస్తాయి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఏ వారం? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాడే స్నాప్‌షాట్ పద్ధతిలో 48వ వారం లెక్కకు 42 నుంచి 54వ వారం దాకా తీసిన నమూనాలే పనికొస్తాయి. వైరస్ పూర్తిగా అణిగినా, రక్తం 56వ వారంలో ఇచ్చిన మనిషి ‘డేటా లేదు’ గడిలోకి వెళ్తాడు, విజయాల లెక్కలో తగ్గిపోతాడు. క్లినిక్ అపాయింట్‌మెంట్లు జారితే మందు బలహీనంగా కనిపించేది ఇక్కడే. కాబట్టి సెట్ నుంచి తెచ్చుకున్న ప్రతి పేరు పక్కన పరీక్ష ఏది, హద్దు ఎంత, సగటా శాతమా, ఏ కాలవ్యవధి, రానివాళ్లను ఎలా లెక్కించాలి అన్నవి రాసుకోవాలి.

సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల సంఖ్య) సంగతికొస్తే డేటాబేస్ హెచ్చరించదు, మనమే గుర్తుంచుకోవాలి. 2009లో వెలువడిన ఎస్ప్రిట్, సిల్క్యాట్ ట్రయల్స్‌లో కలిపి 5,800 మందికి పైగా పాల్గొన్నారు. రోగనిరోధక కణాలను పెంచే ఇంటర్‌ల్యూకిన్-2 ఇస్తే సీడీ4 పెరిగింది, అవకాశవాద జబ్బులూ (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు పట్టుకునేవి) మరణాలూ మాత్రం తగ్గలేదు. అంకె బాగుపడితే మనిషి బాగుపడ్డట్టే అనుకునే ప్రోటోకాల్ రచయితకు ఇంతకు మించిన పాఠం లేదు.

కామెట్ నిజంగా ఉపయోగపడేది జీవితం మీద ప్రభావం విషయంలో. మరణం, శారీరక మార్పులు, జీవితంపై ప్రభావం, వనరుల వాడకం, దుష్ప్రభావాలు అనే అయిదు విభాగాల వర్గీకరణను ముందు పెట్టుకుని మీ జాబితా సరిచూసుకుంటే, నిద్ర, వివక్ష, లైంగిక జీవితం ఎక్కడా లేవని వెంటనే తెలిసిపోతుంది. వాటికి ప్రశ్నావళి ఎంచుకోవడం మళ్లీ మన పనే. జీవన నాణ్యతను కొలిచే డబ్ల్యూహెచ్ఓక్వాల్-హెచ్‌ఐవీ బ్రెఫ్‌లో 31 ప్రశ్నలు, అడిగేది గడిచిన రెండు వారాల గురించి. అలాంటిదే అయిన ఎంఓఎస్-హెచ్‌ఐవీలో 35, అడిగేది నాలుగు వారాల గురించి. రెండింటి స్కోర్లనూ నేరుగా కలపడం కుదరదు. బరువు విషయంలోనూ ఇలాంటి చిక్కే: సీడీ4 బాగా పడిపోయిన దశలో చికిత్స మొదలుపెట్టినవాళ్లలో బరువు పెరగడం కొంతవరకు కోలుకోవడమే. మొదటి బరువు, మొదటి సీడీ4 నమోదు చేయకుండా దాన్నంతా దుష్ప్రభావం కింద రాస్తే లెక్క తప్పుతుంది.

మీకు సరిపోయే సెట్ లేకపోతే కొత్తది మొదలుపెట్టి ఇక్కడే నమోదు చేయొచ్చు. ఇలాంటి సెట్ తయారీకి 2017లో వచ్చిన కాస్-స్టాడ్ కనీస ప్రమాణాలు 11 ఉన్నాయి, ముందే చదవాలి. రోగులు, వైద్యులు రౌండ్ల వారీగా ఓటేసే డెల్ఫీ పద్ధతిలో ఒక్కో ఫలితానికి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 70 శాతం మంది 7 నుంచి 9 ఇచ్చి, 15 శాతం కంటే తక్కువ మంది 1 నుంచి 3 ఇస్తే ఆ ఫలితం నిలబడుతుందన్నది ఎక్కువమంది వాడే నియమం. మొదటి రౌండ్‌లోనే పొడవైన జాబితా పెడితే రోగులు అలసిపోయి రెండో రౌండ్‌కు రారు, మిగిలేది వైద్యుల ఓట్లే.