పెళ్లి చీరలకు రెండు లక్షల నలభై వేలు: ఏ కార్డు గీకాలి?

మా అన్న కూతురి పెళ్లి శ్రావణంలో. చీరలన్నీ ధర్మవరంలోనే తీయాలని వదిన పట్టు. ఆషాఢంలో వెళ్తే ఎంతో కొంత తగ్గిస్తారని ఆమె లెక్క. పెళ్లికూతురి చీరలు, పెట్టుబడి చీరలు కలిపి రాసుకుంటే 2,40,000 తేలింది. డబ్బు లేక కాదు, అది చీటీలో ఉంది. ఆగస్టు 28న గానీ చేతికి రాదు. "నీ దగ్గర ఏవో కార్డులున్నాయి కదా, ఏదో ఒకటి గీకెయ్" అన్నాడు అన్న. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే వచ్చింది చిక్కంతా.

నా దగ్గర రెండు కార్డులున్నాయి. ఒకటి బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు తీసుకున్న ఛార్జ్ కార్డు, ఇంకోటి అనంతపురంలో బ్యాంకు ఇచ్చిన మామూలు క్రెడిట్ కార్డు. పర్సులో పక్కపక్కనే ఉంటాయి, చూస్తే ఒకే జాతి అనిపిస్తాయి. కాదు.

ఛార్జ్ కార్డుకు ముందే రాసిపెట్టిన లిమిట్ ఉండదు. మన దేశంలో ఈ రకం కార్డంటే ముందు గుర్తొచ్చేది అమెరికన్ ఎక్స్‌ప్రెస్. లిమిట్ లేదంటే ఎంతైనా గీకొచ్చని కాదు. మన ఖర్చు తీరు, ఇదివరకు బిల్లులు కట్టిన తీరు చూసి ఏ లావాదేవీకి ఆ లావాదేవీ ఒప్పుకుంటారు. నెలకు ఇరవై వేలు వాడేవాడు ఒక్కసారిగా రెండున్నర లక్షలు గీకితే మెషిన్ కాదనొచ్చు. అందుకే ఈ మొత్తం వెళ్తుందా లేదా అని ముందే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇక బిల్లు వచ్చాక మొత్తం కట్టాల్సిందే, కొద్దిగా కట్టి మిగతాది తర్వాతికి నెట్టే 'మినిమమ్ డ్యూ' అనే సందు ఉండదు. నిజం చెప్పాలంటే నాకు నచ్చేది అదే. సందు ఉంటే దూరేవాళ్లమే మనమంతా.

కానీ చిన్న ఊళ్ల దుకాణాల్లో ఆ కార్డు తీసుకునే మెషిన్లు తక్కువ. చీరల కొట్టుకు ఫోన్ చేసి అడిగితే "వీసా, రూపే అయితే తీసుకుంటాం సార్" అన్నారు. ఛార్జ్ కార్డు మాట అక్కడితో ముగిసింది.

మిగిలింది క్రెడిట్ కార్డు. ఇక్కడ అసలు విషయం గీకినందుకు కార్డు ఇచ్చే పాయింట్లు కాదు, తేదీ. నా బిల్లు ప్రతి నెలా 18న తయారవుతుంది, కట్టడానికి ఇంకో ఇరవై రోజులు ఇస్తారు. జూలై 17న కొంటే అది మర్నాటి బిల్లులోనే పడుతుంది, ఆగస్టు 7కల్లా కట్టాలి. అదే జూలై 19న కొంటే ఆగస్టు 18 బిల్లులోకి వెళ్తుంది, గడువు సెప్టెంబరు 7. రెండు రోజులు ఆగితే నెల రోజులు కలిసొచ్చినట్టే. చీటీ డబ్బు ఆగస్టు 28న వస్తుంది కాబట్టి మాకు 17 పనికిరాదు, 19 సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి, పాత బిల్లు బాకీ లేకుండా ఉంటేనే ఈ వడ్డీ లేని రోజులు దొరుకుతాయి.

గడువుకు కట్టలేకపోతే ఏమవుతుందని వదిన అడిగింది. కార్డు మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం అని చెప్పాను. ఆమె మనసులో లెక్క మార్చుకుంది. "అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీనా అబ్బీ! మన ఊర్లో చేబదులిచ్చేవాళ్లే రెండు రూపాయలకిస్తారు కదా, దీనికంత ఏంటికి కట్టాల?" 2,40,000 మీద నెలకు 8,400. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,512. మొత్తం 9,912. మినిమమ్ డ్యూ అంటూ ఐదు శాతం లెక్కన 12,000 కట్టి ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు, వడ్డీ కొన్న రోజు నుంచే లెక్కకొస్తుంది. కార్డు అప్పును రూపాయల వడ్డీలోకి మార్చి చూస్తే ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

ఇంకో దారి, ఆ మొత్తాన్ని ఈఎంఐలోకి మార్చుకోవడం. ఏడాదికి 15 శాతం అనుకుంటే పన్నెండు నెలలు, నెలకు దాదాపు 21,660. వడ్డీ 20 వేల దగ్గర తేలుతుంది, ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు. మధ్యలో తీర్చేద్దామన్నా చాలా బ్యాంకులు దానికీ ఫీజు తీసుకుంటాయి. నగలకైతే ఈ దారే లేదు, బంగారం కొన్న బిల్లును ఈఎంఐలోకి మార్చరు.

అదే ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకులో పెడితే? ఏడాదికి 10 శాతం అనుకుంటే నెలకు 2,000. నాలుగు నెలల్లో విడిపిస్తే 8,000తో పోతుంది. చెనక్కాయల డబ్బు వచ్చేదాకా ఆగాల్సిన ఇళ్లకు నేనైతే ఇదే చెప్తాను. కానీ పెళ్లింట్లో బంగారం తాకట్టు పెట్టడమంటే వదిన మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. సరే, చీటీ ఆలస్యమైతే మాత్రం సెప్టెంబరు 7 లోపు నా ఉంగరం, గొలుసు, ఇంకా చాలకపోతే మా ఆవిడ గాజులు బ్యాంకుకు వెళ్తాయి, కార్డు బాకీ మాత్రం ఉంచను అని మాట ఇచ్చాను.

నగదు మాట కూడా వచ్చింది. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం 2017 ఏప్రిల్ నుంచి చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడుతుంది. ఒకే బిల్లును రెండు రోజులుగా చీల్చినా తప్పించుకోలేం. అన్న కూడా నాకు నోట్లు కాకుండా బ్యాంకు ద్వారానే పంపాలని ముందే అనుకున్నాం. ఏడాదిలో నా కార్డు బిల్లుల చెల్లింపులు 10 లక్షలకు చేరితే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది, అడిగితే లెక్క చూపించాలి కదా.

లిమిట్ మూడు లక్షలు, అందులో 80 శాతం ఒకేసారి వాడితే, లోన్లు ఇచ్చేముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు కొంత తగ్గొచ్చు. ఇంటి లోను పెట్టే ఆలోచన ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. అది లేదు కాబట్టి దాని గురించి టెన్షన్ పడలేదు.

19న ధర్మవరం వెళ్లాం. అన్నీ చూసుకున్నాననుకున్నాను. కొట్లో పిన్ కొట్టాక మెషిన్ 'డిక్లైన్డ్' అని చీటీ కక్కింది. వెనక పెద్దమ్మ, అత్త, పెళ్లికూతురు. లిమిట్ ఉంది, కానీ యాప్‌లో దుకాణాల్లో వాడే కొనుగోళ్లకు నేనే ఎప్పుడో లక్ష అని పెట్టుకున్నాను. కొట్టు మెట్ల మీదికొచ్చి, సిగ్నల్ పట్టుకుని దాన్ని పెంచి, మళ్లీ గీకేసరికి పది నిమిషాలు. ముందురోజు రాత్రి ఇంట్లో చేయాల్సిన పని.

ఈలోపు కొట్టాయన "కార్డయితే రెండు శాతం ఎక్కువ సార్" అని మెల్లగా అన్నాడు. అంటే 4,800. నా కార్డుకొచ్చే పాయింట్లు అందులో సగానికి కూడా రావు. నేను నోరు తెరిచేలోపే వదిన చీరలు వెనక్కి తోసింది. "అయితే ఉండనీలే, పక్క కొట్లో చూసుకుంటాం." రెండు శాతం పోయింది, పైన ఒక జాకెట్టు గుడ్డ కూడా వచ్చింది.