మేడ మీదకి నెట్ ఎక్కించిన అబ్బాయి

గుంటూరు బ్రాడీపేటలో మాది పాత ఇల్లు. అడుగున్నర మందం గోడలు, పైన శ్లాబు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్ళు రౌటర్‌ని కింద హాల్లో టీవీ వెనక బిగించి వెళ్ళిపోయారు. ప్లాను 200 ఎంబీపీఎస్. మామయ్యగారి ఫోనుకి బ్రహ్మాండంగా అందేది. నేను ఆఫీసు పని చేసుకునేది మేడ మీద వెనక గదిలో. అక్కడికొచ్చేసరికి 6. మీటింగులో అవతలివాళ్ళకి నోరు తెరిచి బిగుసుకుపోయిన నా బొమ్మే కనపడేదట.

కస్టమర్ కేర్‌ని అడిగితే ఇంకా పెద్ద ప్లాను తీసుకోమన్నారు. అది కాదని 1,900 పోసి, వైఫైని అందుకుని ముందుకి పంపే ఎక్స్‌టెండర్ కొన్నాను. గీతలు నిండుగా చూపించేది, స్పీడు 15 దాటేది కాదు. అటు రౌటర్‌తోనూ ఇటు ల్యాప్‌టాప్‌తోనూ ఒకే వైఫై మీద వంతులవారీగా మాట్లాడాలి కాబట్టి దాని వల్ల స్పీడు సగానికి పడిపోతుంది. అసలే కొనఊపిరితో వచ్చిన సిగ్నల్, అందులో మళ్ళీ సగం.

చివరికి అరండల్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నుంచి ఒక అబ్బాయిని పిలిపించాం. పది గంటలకన్నవాడు మూడింటికొచ్చాడు. ఇల్లంతా తిరిగి, "అక్కా, ఎన్ని కొన్నా ఈ గోడలు తినేస్తాయి. వైరు లాగేద్దాం" అన్నాడు. క్యాట్ 6 కేబుల్ మీటరు 28 రూపాయలు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక రకం కాదని కొన గీకి మరీ చూపించాడు.

గోడకి బెజ్జం అనేసరికి అత్తయ్యగారు లేచొచ్చారు. "వానాకాలం నీళ్ళు దిగవూ నాయనా?"

"దిగవు మామ్మగారూ, బయటికి వాలు పెడతాను."

అన్నట్టే డ్రిల్లు కిందికి వంచి పట్టాడు. బయట కేబుల్ బెజ్జంలో దూరేముందు కిందికి చిన్న వంపు వదిలాడు, చుక్క అక్కడే జారిపోయేలా. అత్తయ్యగారు కాఫీ పెట్టారు.

అసలు పనితనం కనెక్టరు బిగించేటప్పుడు చూడాలి. ఎనిమిది తీగల మెలికలు విప్పి, బొటనవేలితో సాపు చేసి, "తెలుపు నారింజ, నారింజ, తెలుపు పచ్చ, నీలం..." అని గొణుక్కుంటూ వరసలో పెట్టి, కొనలన్నీ ఒక్క కోతకి సమం చేసి నొక్కాడు. తీరా చూస్తే స్పీడు 94. నా మొహం వాడిపోయింది. అతనికి మాత్రం ఆ అంకె చూడగానే అర్థమైంది. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ పట్టుకోకపోయినా వెయ్యి ఎంబీపీఎస్ మోయాల్సిన వైరు వందకి దిగిపోతుందట. కొన తెంపి మళ్ళీ బిగించాడు. 196!

పైన పెట్టింది 1,600 రూపాయల మామూలు రౌటరే, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో. అంటే ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ నెట్‌వర్క్ అడ్రసులు పంచే పెత్తనం కిందిదానికే, పైది వట్టి వైఫై ఇస్తుంది. అలా చెయ్యకపోతే ఒకే ఇంట్లో రెండు వేరు కాపురాలై, హాల్లో ఉన్న ప్రింటర్‌ని నా ల్యాప్‌టాప్ కనిపెట్టలేదు. పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే. ఒకదాని సిగ్నల్‌కి ఇంకోటి అడ్డు రాకుండా ఛానెళ్ళు మాత్రం కింద 1, పైన 11.

లోపాలూ ఉన్నాయి. ఇటుక పొడి ఊడ్చుకున్నది నేనే. పడమటి గోడ మీద కేబుల్‌కి పైపు వెయ్యకుండా క్లిప్పులు కొట్టి వదిలేశాడు. మన ఎండలకి పై తొడుగు పెళుసెక్కి పగిలిపోదూ? గట్టిగా అడిగితే ఆదివారం వచ్చి పైపు వేశాడు, దానికి ఇంకో 350. కేబుల్, రౌటర్, కూలి 900 అన్నీ కలిపి 3,746 అయింది. మెట్ల మీద ఫోను ఇప్పటికీ కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది, పైకొచ్చాక ఒక్కోసారి వైఫై ఆపి వెయ్యాలి.

కరెంటు పోతే కింది రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఉంది, పైదానికి లేదు. మామయ్యగారి ప్రవచనాలు నడుస్తూనే ఉంటాయి, నా మీటింగే ఆగుతుంది. 12 వోల్టులది ఇంకొకటి తెమ్మన్నాను. శుక్రవారం తెస్తానన్నాడు. ఏ శుక్రవారమో అడగడం మర్చిపోయాను.