జాగ్రత్త: ఉద్యోగం మానేశాక కూడా పాత జీతం ఖాతా మీ డబ్బు తింటూనే ఉంటుంది

ఉద్యోగం మారినవాళ్లు, మానేసినవాళ్లు, ముఖ్యంగా పెళ్లి తర్వాతో పిల్లలు పుట్టాకో కొలువు వదిలి ఇంటిదగ్గర ఉన్న ఆడపిల్లలు దయచేసి ఇది చదవండి. మీ పాత జీతం ఖాతా ఇంకా మూయకుండా ఉంటే ఈరోజే దాని స్టేట్‌మెంటు తీసి చూడండి. అందులో డబ్బు లేదు కదా, ఏం పోతుందిలే అనుకోవద్దు. ఖాళీ ఖాతా నుంచి కూడా బ్యాంకులు డబ్బు లాగుతాయి. మా ఇంట్లో అదే జరిగింది. పోయిన డబ్బు తిరిగి వచ్చింది గానీ, అడగకపోయి ఉంటే ఒక్క రూపాయి కూడా వచ్చేది కాదు.

మా చెల్లెలు హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేసేది. ఆ సంస్థే ఒక ప్రైవేటు బ్యాంకులో జీతం ఖాతా తెరిపించింది. కనీస నిల్వ అక్కర్లేని ఖాతా. కాన్పు కోసం ఉద్యోగం మానేసేనాటికి అందులో 1,340 రూపాయలు మిగిలాయి. జీతం పడడం ఆగాక కొన్ని నెలలకు బ్యాంకు దాన్ని మామూలు పొదుపు ఖాతాగా మార్చేసింది. ఆ ఖాతాకు నెలవారీ సగటు నిల్వ 10,000 రూపాయలు ఉండాలి. లేదంటే నెలకు 500 జరిమానా, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 590. మొదటి రెండు నెలల్లోనే ఉన్న డబ్బు దాదాపు అయిపోయింది. ఆ తర్వాత జరిమానా ఆగలేదు, బాకీగా పేరుకుంటూ పోయింది. పసిపాపకు ఒంట్లో బాగాలేదని నాన్నగారు ఆ ఖాతాకు 15,000 పంపిస్తే, పంపిన వెంటనే 5,740 మాయమై 9,260 మిగిలింది. ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సిన సమయంలో ఆ సంగతి తెలిసింది.

బ్రాంచికి వెళ్లి అడిగితే కౌంటర్లో ఉన్నవారు చెప్పిన మాట ఇది: ఖాతా మైనస్‌లోకి వెళ్లింది, అంటే మీరు ఓవర్‌డ్రాఫ్ట్ వాడుకున్నట్లే, డబ్బు పడగానే సిస్టమ్ దానంతట అదే కోసుకుంది. ఇక్కడే నాకు కోపం వచ్చింది. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే మనం అడిగి, బ్యాంకు మంజూరు చేసి, మన ఖాతాలో లేని డబ్బును మనం వాడుకోవడం. మా చెల్లెలు ఒక్క రూపాయి కూడా తీయలేదు. బ్యాంకే జరిమానా వేసి, ఆ జరిమానాను అప్పుగా రాసి, ఆ అప్పును మా నాన్నగారు పంపిన డబ్బులోంచి తీసుకుంది.

అందరూ గుర్తుంచుకోవాల్సిన నిబంధన ఒకటుంది. కనీస నిల్వ జరిమానాల మీద రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కేవలం కనీస నిల్వ లేదన్న జరిమానా వల్ల పొదుపు ఖాతా మైనస్‌లోకి పోకూడదని అందులో స్పష్టంగా ఉంది. నిల్వ తగ్గితే ముందు ఖాతాదారుకు ఎస్ఎంఎస్ ద్వారానో, ఈమెయిలు ద్వారానో, ఉత్తరం ద్వారానో తెలియజేయాలి. నిల్వ సరిచేసుకోవడానికి ఆ నోటీసు నుంచి కనీసం నెల రోజులు గడువు ఇవ్వాలి. అప్పటికీ సరిచేయకపోతేనే జరిమానా. అది కూడా ఎంత తగ్గిందో దానికి తగినట్లుగా ఉండాలి గానీ, వంద తగ్గినా పదివేలు తగ్గినా ఒకే మొత్తం బాదకూడదు. ఈ సర్క్యులర్ రహస్యమేమీ కాదు, రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఎవరైనా చదవవచ్చు. అయినా బ్రాంచిలో దాని తేదీ చెప్పి అడిగేదాకా అలాంటిది ఉందని ఎవరూ అనలేదు.

తేదీ చెప్పాక వచ్చిన జవాబు ఇంకా విచిత్రంగా ఉంది. ఖాతా మైనస్‌లోకి పోలేదట, బ్యాలెన్సు సున్నా దగ్గరే ఆగిందట, మిగిలింది 'లీన్' (డబ్బు పడితే కోసుకునేందుకు ఖాతా మీద పెట్టిన పట్టు) మాత్రమేనట. క్షణం ముందు ఓవర్‌డ్రాఫ్ట్ అన్నవాళ్లే ఈ మాట అన్నారు. దీన్ని బాగా అర్థం చేసుకోండి, ఎందుకంటే మీ ఖాతాలో కూడా ఇలాగే ఉండవచ్చు. తెర మీద నిల్వ 0.00 అని కనిపిస్తుంది. వెనకాల నెలనెలా జరిమానా బాకీగా చేరుతుంది. డబ్బు పడిన రోజున అదంతా ఒకేసారి తెగుతుంది. పేరు ఏదైనా జరిగింది ఒకటే: ఖాతాలో లేని డబ్బును జరిమానా పేరుతో ఖాతాదారు మీద బాకీగా మోపడం. అందుకే మొబైల్ యాప్‌లో నిల్వ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. లీన్ మొత్తం, వసూలు కావాల్సిన చార్జీలు అనే వివరాలు ఎక్కడున్నాయో వెతికి చూడండి. కనపడకపోతే బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి.

నోటీసు సంగతికి వస్తే, ఎస్ఎంఎస్ పంపామని బ్యాంకు గట్టిగా చెప్పింది. ఏ తేదీన, ఏ నంబరుకు, ఏ మాటలతో పంపారో చూపించమని అడిగాం. చివరికి వాళ్లు చూపించినవన్నీ జరిమానా కోసుకున్నాక పంపిన సందేశాలే. 'మీ నిల్వ తగ్గింది, నెలలోగా సరిచేయకపోతే జరిమానా పడుతుంది' అని ముందుగా పంపిన సందేశం ఒక్కటీ లేదు. ఈ తేడాను పట్టుకోండి. చాలా ఫిర్యాదులు ఇక్కడే గెలుస్తాయని నా నమ్మకం.

న్యాయంగా చెప్పాలంటే, బ్యాంకు సక్రమంగా నోటీసు ఇచ్చి, గడువు ఇచ్చి ఉంటే, ఖాతాలో ఉన్న ఆ 1,340 వరకు కోసుకునే హక్కు దానికి ఉండేది. కనీస నిల్వ ఎంతో పెట్టుకోవడం ప్రైవేటు బ్యాంకుల ఇష్టం, కానీ వేసే చార్జీలను అవి ముందుగా ప్రకటించాలి. నోటీసే లేదు కాబట్టి ఆ 1,340, నాన్నగారి డబ్బులోంచి పోయిన 5,740 కలిపి మేం మొత్తం 7,080 తిరిగి అడిగాం. నోటీసు సరిగా అందినవాళ్లు మాత్రం సున్నా కిందికి పోయిన భాగాన్ని అడగండి, దాన్ని వదులుకోవాల్సిన పని లేదు.

ఫిర్యాదు నోటితో చెప్పి రావద్దు. బ్రాంచిలో ఎంత మర్యాదగా మాట్లాడినా, కాగితం లేకపోతే ఆ మాటకు విలువ లేదు. మేం ఒక పేజీ ఉత్తరం రాశాం. ఖాతా జీతం ఖాతా నుంచి మామూలు ఖాతాగా ఏ తేదీన మారింది, ఆ మార్పు గురించి మాకు ఎప్పుడు ఎలా తెలిపారు అన్నది మొదటి ప్రశ్న. తర్వాత ప్రతి జరిమానా తేదీ, మొత్తం, జీఎస్టీ వరుసగా రాశాం, స్టేట్‌మెంటులో ఆ పంక్తుల కింద గీతలు గీసి జత చేశాం. ప్రతి జరిమానాకు ముందు ఇచ్చిన నోటీసు ప్రతి కావాలన్నాం. 2014 సర్క్యులర్ తేదీ రాసి, మొత్తం డబ్బు జీఎస్టీతో సహా వెనక్కి వేయాలని అడిగాం. జీఎస్టీని మరిచిపోకండి, చార్జీ తప్పయితే దాని మీద వేసిన పన్నూ తప్పే. ఉత్తరం రెండో ప్రతి మీద అందినట్లు ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాం. అదే ఉత్తరాన్ని బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిలు చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాం. అది చేతిలో ఉంటే తర్వాతి మెట్టు ఎక్కడం సులభం.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఉత్తరం ఇచ్చాక బ్రాంచి నుంచి ఫోను వచ్చింది. ప్రత్యేక వెసులుబాటుగా చివరి మూడు నెలల జరిమానా వెనక్కి వేస్తారట, ఖాతా మూసివేత కాగితం మీద సంతకం చేస్తే చాలట. ఆ కాగితం చదివితే, ఈ ఖాతాకు సంబంధించి ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయబోనని ఒక వాక్యం ఉంది. చంటిపిల్లతో తిరగలేక ఎంతమంది తల్లులు ఆ కాగితం మీద సంతకం పెట్టి వచ్చి ఉంటారో తలచుకుంటే కడుపు రగిలిపోతుంది. మీరు మాత్రం పెట్టవద్దు. సిబిల్ స్కోరు (అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు) దెబ్బతింటుందని కూడా ఒకరు బెదిరించారు. ఆ మాట రాసి ఇవ్వమంటే ఎవరూ ఇవ్వలేదు.

బ్యాంకు మీ ఫిర్యాదును తోసిపుచ్చినా, 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సరిపోకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. 2021 నవంబరు 12 నుంచి దేశమంతటికీ ఒకే అంబుడ్స్‌మన్ పథకం నడుస్తోంది. మీ బ్రాంచి ఏ ఊళ్లో ఉంది, ఏ కార్యాలయం పరిధి అన్న తలనొప్పి లేదు. రిజర్వు బ్యాంకు వారి సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇంటర్నెట్ అలవాటు లేని పెద్దవాళ్లు చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు స్వీకరణ కేంద్రానికి పోస్టులో పంపవచ్చు, తెలుగులో రాసినా తీసుకుంటారు. సందేహాలుంటే 14448 నంబరుకు ఫోను చేయండి. ఒక్క పైసా రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కానీ బ్యాంకుకు ముందుగా రాయకుండా నేరుగా అక్కడికి వెళితే ఫిర్యాదు తిప్పి పంపేస్తారు. అలాగే బ్యాంకు జవాబు వచ్చాక పథకంలో చెప్పిన గడువులోగా వెళ్లాలి. అదే వివాదం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ముందు ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి. ఇలాంటి చిన్న మొత్తాలకు అంబుడ్స్‌మన్ దారే మేలని నా అభిప్రాయం.

మా విషయంలో బ్యాంకు నెల దాటినా జవాబు ఇవ్వలేదు. పోర్టల్లో ఫిర్యాదు వేశాక మాత్రం ప్రధాన కార్యాలయం నుంచి స్వయంగా ఫోను చేశారు. అంతవరకు కుదరదన్నది అప్పుడు కుదిరింది. 7,080 రూపాయలూ ఖాతాలో పడ్డాయి. 'సద్భావనతో' వెనక్కి ఇస్తున్నామని మెయిలులో రాశారు. తప్పు జరిగిందన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. 2019-20 నుంచి 2023-24 వరకు ఐదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులు కనీస నిల్వ జరిమానాల రూపంలో దాదాపు 8,500 కోట్ల రూపాయలు వసూలు చేశాయని కేంద్రం 2024లో పార్లమెంటుకు చెప్పింది. కనీస నిల్వ కూడా ఖాతాలో ఉంచలేనివాళ్ల దగ్గరే కదా అదంతా వసూలైంది! స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే పొదుపు ఖాతాలకు ఈ జరిమానా ఎత్తేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా కూడా అదే బాట పట్టాయి. ప్రైవేటు బ్యాంకుల్లో ఖాతా ఉన్నవారు ఇప్పటికీ జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో రెండు పరిస్థితులు చెప్పాలి. కొందరికి ఆ ఖాతా నుంచే వాయిదాలు కట్ అవుతుంటాయి. బండి వాయిదా కోసం వేసిన డబ్బులో కొంత పాత జరిమానాకు పోతే వాయిదాకు చాలదు, అది బౌన్స్ అవుతుంది. అప్పుడు మీ బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, అప్పు ఇచ్చిన సంస్థ ఇంకొకటి వేస్తుంది. మొదటి జరిమానా చెల్లదని తేలితే దాని వల్ల పడిన బౌన్స్ చార్జీని కూడా అడగండి, తేదీల వరుస చూపిస్తే విషయం వెంటనే తెలిసిపోతుంది. రెండోది, మీరు రెండేళ్లకు పైగా ముట్టుకోని ఖాతా. ఖాతాదారు లావాదేవీ రెండేళ్లు లేకపోతే అది నిర్వహణలో లేని ఖాతా అవుతుంది, అలాంటి ఖాతాకు కనీస నిల్వ జరిమానా వేయకూడదు. బ్యాంకు తనకు తానే కోసుకున్న చార్జీలు, వేసిన వడ్డీ మీ లావాదేవీలుగా లెక్కకు రావు. అలా ఆగిపోయిన ఖాతాను మళ్లీ తెరిపించుకోవడానికి కూడా చార్జీ లేదు.

నిజమైన ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నవాళ్లు దీన్ని తమకు అన్వయించుకోవద్దు. కరెంటు ఖాతా మీదనో, జీతం మీదనో, డిపాజిట్ మీదనో సంతకం పెట్టి తీసుకున్న ఓవర్‌డ్రాఫ్ట్‌కు మంజూరు పత్రంలో రాసిన వడ్డీ కట్టాల్సిందే. అక్కడ అడగాల్సింది వేరు: పత్రంలో లేని చార్జీ ఏదైనా వేశారా, చెప్పిన రేటు కన్నా ఎక్కువ లెక్కగట్టారా అన్నది చూడండి.

చార్జీలు వెనక్కి ఇప్పిస్తామంటూ ఫోను చేసేవాళ్లను అసలే నమ్మవద్దు. ఓటీపీ అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా, ముందుగా కొంత కట్టమన్నా వెంటనే ఫోను పెట్టేయండి. డబ్బు వెనక్కి ఇచ్చే బ్యాంకు నేరుగా ఖాతాలోనే వేస్తుంది, అందుకు మీ ఓటీపీతో పని లేదు.

కనీస నిల్వ పెట్టలేమనుకునేవారు బేసిక్ సేవింగ్స్ ఖాతా అడగండి. ప్రతి బ్యాంకూ ఇవ్వాలి, అందులో కనీస నిల్వ షరతు లేదు. అదే బ్యాంకులో మీకు వేరే పొదుపు ఖాతా ఉంటే మాత్రం దాన్ని మూసేయాలి. పాత ఖాతా అక్కర్లేదనుకుంటే, మూయించే ముందు మొదటి నుంచి చివరిదాకా స్టేట్‌మెంటు దించుకోండి, మూశాక నెట్ బ్యాంకింగ్ తెరుచుకోదు. మైనస్ మొత్తం కడితేనే మూస్తామంటే కట్టవద్దు, ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని ఫిర్యాదుకు జత చేయండి. మూసివేత అయ్యాక బాకీ ఏమీ లేదన్న ఉత్తరం చేతికి వచ్చేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.