విజయనగరంలో క్రికెట్ కోచింగ్: నెట్స్ అంతంతమాత్రం, కోచ్ మాత్రం సూపర్

మావోడిని కంటోన్మెంట్ వైపు ఓ కోచింగ్‌లో చేర్పించాం. నెట్స్ చిరిగిపోయి బంతి బైటికెళ్లిపోతాది, ఫీజు మాత్రం తక్కువేం కాదు. కానీ కోచ్ గారికి ఫుల్ మార్కులు. మొన్న మ్యాచ్‌లో అందరికన్నా బాగా ఆడే గుంటడు ఎల్బీ ఔట్ ఇచ్చారని బ్యాట్ ఇసిరేసి అంపైర్ని తిట్టాడు, వెంటనే కోచ్ గారు ప్యాడ్లు విప్పించి కూర్చోబెట్టి స్కోరు రాయించారు, వాళ్ల నాన్నగారొచ్చి గొడవెట్టుకున్నా తగ్గలేదు. పెద్ద స్టార్లకి ఇలగ ఎవరు చేస్తారు చెప్పండి? 2024లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా కుర్ర బ్యాటర్ కోన్‌స్టాస్‌ని భుజంతో గుద్దిన కోహ్లీకి (నేనూ ఫ్యాన్‌నే) మ్యాచ్ ఫీజులో 20 శాతం కోత, ఓ డీమెరిట్ పాయింట్‌తో సరి, అది ఆయనకో లెక్కా? 2020 యూఎస్ ఓపెన్ టెన్నిస్‌లో జకోవిచ్ విసుగ్గా కొట్టిన బంతి లైన్ జడ్జికి తగిలితే నంబర్ వన్ అని కూడా చూడకుండా టోర్నీ నుంచే పంపించేశారు, అదీ పద్ధతంటే. సాయంత్రం జనం ఎక్కువ, పొద్దున్న బ్యాచే చూసుకోండి.