బ్యాక్టీరియా డీఎన్ఏ కిట్ తెప్పించినం, పైసలు వసూలైనయా లేదా

హన్మకొండల ఒక చిన్న ప్రైవేట్ డిగ్రీ కాలేజీల మైక్రోబయాలజీ చెప్త నేను, ల్యాబ్ అంటే ఒకటే రూము, సెంట్రిఫ్యూజ్‌లు రెండున్నయ్ గని నడిచేది ఒకటే. ఏటా ఫైనలియర్ పిల్లలకు బ్యాక్టీరియా నుంచి డీఎన్ఏ తీసుడు చూపియ్యాలంటే కెమికల్స్ అన్నీ విడిగ తెచ్చి, తూకం వేసి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ పౌడర్ తూచేటప్పుడు ముక్కుల పోయి ఆపకుండ తుమ్ముకుంట చేసేది. ఈసారి రెడీమేడ్ కిట్ తెప్పించిన. కంపెనీ పేరు రాస్తలేను, ఇందుల మెచ్చుకునుడుతో పాటు తిట్లు కూడా ఉన్నయ్ కాబట్టి. 20 శాంపిళ్లకు 4,800 పడ్డది, పార్సిల్ ఖర్చు వేరే.

పార్సిల్ డిసెంబర్ల వచ్చింది. బస్టాండ్ల రెండ్రోజులు పడున్నదట, లోపల ఐస్ ప్యాక్ మామూలు నీళ్ల ప్యాకెట్ అయిపోయింది. దానికి పెద్దగ భయపడలే, బ్యాక్టీరియా గోడను కోసే లైసోజైమ్, ప్రొటీన్లను కోసే ప్రొటీనేజ్ కే, ఈ ఎంజైమ్‌లు రెండూ పొడి రూపంల ఇచ్చిండ్రు, పొడి ఉన్నంతసేపు అవి గట్టివే, కలిపినంక మాత్రం ఫ్రీజర్ల పెట్టాల్సిందే. అసలు గాబరా ఎస్‌డీఎస్ సీసా చూస్తే అయింది, అడుగున తెల్లగ పెరుగు తోడుకున్నట్టు గడ్డకట్టింది. మా అటెండర్ అన్న "ఇది ఖరాబైంది మేడం, వాపస్ పంపుదాం" అన్నడు. ఖరాబ్ ఏం కాలే, ఈ డిటర్జెంట్ చల్లదనానికి గడ్డకడ్తది, మా దగ్గర డిసెంబర్ పొద్దుగాల ఆ మాత్రం చలి ఉంటది కదా. గోరువెచ్చని నీళ్ల గిన్నెల పది నిమిషాలు పెడితే మళ్ల నీళ్ల లెక్క అయింది. ఈ ఒక్క ముక్క బుక్‌లెట్‌ల రాస్తే ఏం పోయేది, తెల్వనోళ్లయితే పారబోస్తరు.

ఇగ నాకు మస్తు నచ్చింది ఏందంటే ఎంజైమ్ వేరే, డిటర్జెంట్ వేరే సీసాలల్ల ఇచ్చుడు. కొన్ని కిట్లల్ల అన్నీ కలిపి ఒక్కటే "లైసిస్ సొల్యూషన్" అని ఇస్తరు, పోస్తే బ్యాక్టీరియా కణం పగిలిపోతది, అయిపోయింది, పిల్లకు ఏం అర్థమైతది? ఇందుల ఏది ఏం చేస్తదో విడగొట్టి చూపియ్యొచ్చు. మేం ట్యూబులు పెట్టినం. ఒకదాంట్ల బాసిలస్ అనే బ్యాక్టీరియా, మా కాలేజీ వెనుక మట్టిలకెల్లి పోరగాళ్లు తీసినది, ఇంకోదాంట్ల ఈ.కోలై అనే ఇంకో రకం బ్యాక్టీరియా. రెండిట్ల ఉత్త సెలైన్ల కలిపి లైసోజైమ్ వేసినం. బాసిలస్ ట్యూబు మజ్జిగ లెక్క తెల్లగ ఉన్నది కొంతసేపటికి పల్చబడి వెనక పెట్టిన పేపర్ మీది అక్షరాలు కనవడ్డయ్, జర వంచితే చిక్కగ బంక లెక్క సాగుతున్నది. ఈ.కోలై మాత్రం ఎట్లున్నది అట్లనే, ఏమాత్రం కదల్లే.

"మేడం ఎంజైమ్ నకిలీదా" అని ఒక పిల్ల అడిగింది. నకిలీ కాదు. లైసోజైమ్ పని గోడ కోసుడు, ఆ గోడ కట్టిన పదార్థం పెప్టిడోగ్లైకాన్, దాంట్ల చక్కెర గొలుసులను ముక్కలు చేస్తది. బాసిలస్‌కు ఆ గోడ మందంగ, బయటికే ఉంటది, ఎంజైమ్‌కు నేరుగ అందుతది. ఈ.కోలై గోడ పల్చనిదే గని దాని మీద ఇంకో పొర కప్పుకుని ఉంటది, ఆ పొరల సందులు సుమారు 600 డాల్టన్ల (అణువుల బరువు కొలత) లోపు చిన్న చిన్న అణువులకే దారి ఇస్తయ్, లైసోజైమేమో 14,300, సూది బెజ్జంల తాడు దూర్చినట్టే. అప్పుడు కిట్ల మొదటి సీసా తీసినం, దాంట్ల ఈడీటీఏ అనే కెమికల్ ఉంటది. ఆ బయటి పొరను పట్టుకొని ఉంచేది మెగ్నీషియం, కాల్షియం, ఈడీటీఏ వాటిని లాక్కుంటది, పొర వదులైతది, అప్పుడు లైసోజైమ్ లోపలికి పోతది. పైంగ డీఎన్ఏను తినే ఎంజైమ్‌లకు కూడా మెగ్నీషియమే కావాలె, అది దొరక్క అవి కూడా పడుకుంటయ్. ఒక్క సీసాల రెండు పనులు.

మీకు తెల్సా, ఈ లైసోజైమ్ గురించి 1922ల మొదట రాసింది పెన్సిలిన్ కనుక్కున్న ఫ్లెమింగే, అది కూడా జలుబు చేసిన ముక్కు చీమిడితో మొదలైంది. ఇది చెప్పంగనే క్లాసంతా "ఛీ" అన్నరు గని ఆ తర్వాత ఒక్కరు మర్చిపోలే. ఇప్పుడు కిట్లల్ల వచ్చేది ఎక్కువగ కోడిగుడ్డు తెల్లసొనల నుంచి తీసినది.

ఇప్పుడు తిట్లు. బుక్‌లెట్ రెండో పేజీల స్టెప్పులు ఎట్ల ప్రింట్ చేసిండ్రంటే, డిటర్జెంట్ పోసినంక లైసోజైమ్ వెయ్యమన్నట్టు అర్థమైతది. ఒక బ్యాచ్ పోరలు అట్లనే చేసిండ్రు. లైసోజైమ్ కూడా ప్రొటీనే కద, ఎస్‌డీఎస్ దాన్ని పట్టుకొని విప్పేస్తది, ఇగ అది పని చెయ్యదు. ఆ నాలుగు ట్యూబులు దండగ, అంటే కిట్ల ఐదో వంతు. ముందు ఎంజైమ్, 37 డిగ్రీల అర్ధగంట, గోడ కూలినంకనే డిటర్జెంట్, అది లోపలి కొవ్వు పొరను కరిగిస్తది, ప్రొటీన్లను విప్పుతది. ప్రొటీనేజ్ కే మాత్రం వేరే రకం, అది ఎస్‌డీఎస్ ఉన్నా పనిచేస్తది, ప్రొటీన్లు విప్పుకొని ఉంటే దానికి ఇంకా సులువు. దీన్ని 55 డిగ్రీల గంట ఉంచినం, వాటర్ బాత్ థర్మోస్టాట్ సరిగ్గ లేక నేనే పక్కన కూసొని థర్మామీటర్ చూసుకుంట.

ఫోన్ చేస్తే కంపెనీ అబ్బాయి "అందరూ అర్థం చేసుకుంటరు మేడం" అన్నడు. అయితే బుక్‌లెట్ ఎందుకు మరి?

ఎస్‌డీఎస్ పోసే ఘడియ మాత్రం పిల్లలందరికీ దగ్గర నుంచి చూపియ్యండి. ట్యూబు గట్టిగ ఊపొద్దు, మెల్లగ తలకిందులు చెయ్యాలె, గట్టిగ ఊపితే నురగ లేస్తది, డీఎన్ఏ కూడా తునకలైతది. మబ్బుగ ఉన్నది ఒక్కసారి తేటగ అయ్యి, బెండకాయ జిగురు లెక్క తీగలు సాగుతది. తర్వాత ఉప్పు, పైనుంచి చల్లటి ఆల్కహాల్ అంచు మీదికెల్లి జారవిడిస్తే రెండు పొరల నడుమ తెల్లటి దారం లేస్తది, గాజు కడ్డీకి చుట్టొచ్చు. కిట్ల ఆల్కహాల్ ఇయ్యలే, అది మనమే తెచ్చుకోవాలె, ఆర్డర్ చేసేటప్పుడు ఎక్కడా చెప్పలే.

ఒకడు "మేడం మా ఇంట్ల గిన్నెలు తోమే లిక్విడ్ పోస్తే?" అన్నడు. పోసి చూసినం, ఈడీటీఏ, లైసోజైమ్ తర్వాత వేస్తే డీఎన్ఏ వచ్చింది గని తక్కువ, రంగు పడ్డది. బట్టల పౌడర్ సంగతి కూడా తీసిండ్రు. దాంట్ల మరకలను తినే ఎంజైమ్ ఎక్కువగ బాసిలస్ జాతి బ్యాక్టీరియా నుంచే వస్తది, మేం పగలగొట్టేది దాని చుట్టాన్నే అన్న, నవ్విండ్రు.

కొనేటోళ్లు ఇంకోటి చూసుకోండి. పాత కల్చర్ వాడకండి, బాసిలస్ స్పోర్లు (గట్టి పెంకు కప్పుకొని నిద్రపోయే రూపం) కట్టినంక లైసోజైమ్ వాటిని ఏం చెయ్యలేదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకు ఈ కిట్ పనికిరాదు, దాని గోడ లైసోజైమ్‌కు తెగదు, లైసోస్టాఫిన్ అని వేరే ఎంజైమ్ కావాలె. డబ్బా మీద "అన్ని బ్యాక్టీరియాలకు" అని రాసుకున్నరు, అది తప్పు.

నేనైతే అయిదుల మూడు ఇస్త. సామాను మంచిదే, బుక్‌లెట్‌ను మాత్రం మూలకు వెయ్యండి. వచ్చే ఏడు లైసోజైమ్, ప్రొటీనేజ్ కే మాత్రం తెప్పించుకొని బఫర్లు (మిగతా ద్రావణాలు) మేమే కలుపుకుంటం, అట్లయితే సగం పైసలల్ల అయితది, ఆ ఎస్‌డీఎస్ తూచేటప్పుడు ఈసారి మాస్క్ పెట్టుకుంట.